నట్టు, బుడగ, తీగ: ప్రైవేటు రాకెట్ ఎక్కడ చెడుతుంది

(ఒడిశా కొరాపుట్ జిల్లా సునాబెడలో తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం. వినడానికొచ్చినవాళ్లలో ఐటీఐ, డిప్లొమా విద్యార్థులు, ఇంజన్ కార్ఖానాలో పనిచేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్లు ఎక్కువ.)

అందరికీ నమస్కారం. కూర్చోండి బాబూ, వెనకవాళ్లు ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ప్రైవేటు రాకెట్ కంపెనీల గురించి చెప్పమన్నారు. పేపర్లో వచ్చేది ఎంతసేపూ ఎవరు ఎన్ని కోట్లు పెట్టారు, ఎవరు రిబ్బను కత్తిరించారు అనే. ఆ కబుర్లు సునాబెడలో చెప్పడం దండగ. 1960ల నుంచి ఇక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కార్ఖానాలో విమాన ఇంజన్లు తయారవుతున్నాయి. మిగ్-21తో మొదలుపెట్టి సుఖోయ్-30 దాకా వచ్చారు. 2024 సెప్టెంబరులో 240 సుఖోయ్ ఇంజన్లకు, 26 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందం కుదిరింది కూడా ఈ కార్ఖానా కోసమే. నట్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి గురించి ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకని సరాసరి షాప్‌ఫ్లోర్‌లోకే వెళ్దాం. రాకెట్ ఎలా ఎగురుతుందో స్కూలు పుస్తకంలో ఉంది. ఎందుకు కూలుతుందన్నదే ఇవాళ్టి మాట.

ముందు ఒక్క లెక్క చూడండి. వంద కిలోమీటర్ల ఎత్తుకి నిలువుగా ఒక వస్తువును విసరాలంటే, గాలిని పక్కన పెడితే, సెకనుకు 1.4 కిలోమీటర్ల వేగం చాలు. అది పైకెళ్తుంది, కాసేపుండి కింద పడుతుంది. పడకుండా భూమి చుట్టూ తిరుగుతూ ఉండాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్లు అడ్డంగా కావాలి. శక్తి ప్రకారం చూస్తే దాదాపు ముప్ఫై రెట్లు. గాలి రాపిడి, పైకెక్కేటప్పుడు గురుత్వాకర్షణ తినేసేది కూడా కలిపితే రాకెట్ మోయాల్సిన లెక్క సెకనుకు 9.4 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. మంచి ఘన ఇంధనం నుంచి వాయువు బయటికి దూకే వేగం 2.8 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలనూ రాకెట్ బరువుకూ వేగానికీ లంకె చెప్పే సియోల్కోవ్‌స్కీ సూత్రంలో వేస్తే, ఒకే అంచెతో వెళ్లే రాకెట్ నేల మీద 29 కిలోలుంటే పైకి చేరేసరికి ఒక్క కిలో మిగులుతుంది. ఆ కిలోలోనే ఇంధనం పట్టే డొల్ల, వాయువు బయటికి దూకే మూతి అంటే నాజిల్, బ్యాటరీ, కంప్యూటర్, ఉపగ్రహం అన్నీ ఇమడాలి. సాధ్యమయ్యే పని కాదు. అందుకే అంచెలు. కాలిపోయిన డొల్లను వదిలేసి తేలికపడుతూ పోవాలి.

హైదరాబాదు స్కైరూట్ వాళ్లు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ వదిలారు. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అదే. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు, ఒకే అంచె, 89.5 కిలోమీటర్ల దాకా వెళ్లి సముద్రంలో పడింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం లేదు. డొల్ల, ఇంధనం, ఎలక్ట్రానిక్స్, రేడియో లింకు అన్నీ ఒక్కసారే గాలిలో పరీక్షకు నిలబడ్డాయి. కానీ ఇందాకటి లెక్క గుర్తుందిగా, అది మొదటి మెట్టు. ఇస్రోలో చేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో కంపెనీ పెట్టింది కక్ష్యకు వెళ్లడానికి. ఆ రాకెట్ పేరు విక్రమ్-1. మూడు ఘన ఇంధన అంచెలు, వాటి పైన కక్ష్యను సరిదిద్దే చిన్న ద్రవ ఇంజన్లు. కింది అంచె మోటారు కలాం-1200. 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం, 30 టన్నుల ఇంధనం, కార్బన్ ఫైబర్ డొల్ల. 2025 ఆగస్టు 8న శ్రీహరికోటలో దాన్ని కదలకుండా బిగించి మండించి చూశారు.

ఈ ఘన ఇంధనం దగ్గర కొంచెం ఆగుదాం. చాలామంది దాన్ని పెద్ద తారాజువ్వ అనుకుంటారు. లోపల ఉన్నది నల్లమందు కాదు, రబ్బరు. మామూలు పాళ్లు చెబుతాను: అమోనియం పెర్‌క్లోరేట్ 68 పాళ్లు, అల్యూమినియం పొడి 18, మిగతా 14 హెచ్‌టీపీబీ అనే రబ్బరు జిగురూ దాన్ని గట్టిపరిచే రసాయనాలూ. పెర్‌క్లోరేట్ ఆక్సిజన్ ఇస్తుంది. అల్యూమినియం మండి వేడి పెంచుతుంది, మంట 3000 డిగ్రీలు దాటేది దాని వల్లే. రాకెట్ వెనక దట్టంగా తెల్లటి పొగ చూస్తారే, అందులో ఎక్కువగా కనబడేది అల్యూమినా. పంచపట్‌మాలి కొండ మీది బాక్సైట్ నుంచి దామన్‌జోడిలో తీసి వ్యాగన్లకెత్తే తెల్ల పొడి కూడా అదే పదార్థం. అక్కడ ఖనిజం నుంచి వస్తుంది, ఇక్కడ లోహం మండితే వస్తుంది.

కలపడం నిలువు మిక్సర్లో, మనిషి దరిదాపుల్లో లేకుండా, దూరం నుంచి కెమెరాలో చూస్తూ చేస్తారు. రెక్కకీ గిన్నెకీ మధ్య ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. ఒక స్క్రూ ముక్క అందులో పడితే చాలు, రాపిడికి మొత్తం అంటుకుంటుంది. అందుకే పొడులను ముందే జల్లెడ పడతారు, అయస్కాంతం మీదుగా పోనిస్తారు. పెర్‌క్లోరేట్‌ను ఒకే సైజులో వాడరు. పెద్ద గింజలు, సన్న గింజలు కలిపితే పెద్దవాటి సందుల్లో సన్నవి కూరుకుంటాయి, లేకపోతే అంత పాలు పొడి రబ్బరులో పట్టదు, మిశ్రమం జారదు. సన్న గింజల పాలు పెరిగితే మండే వేగం కూడా పెరుగుతుంది. కాబట్టి గ్రైండింగ్ విభాగంలో జల్లెడ అరిగిందంటే ఆ తేడా చివరికి రాకెట్‌ను ముందుకు నెట్టే బలంలో, అంటే తోపులో బయటపడుతుంది.

ఇప్పుడు తేమ. జూలై, ఆగస్టుల్లో కొరాపుట్‌లో బట్టలు ఎన్ని రోజులకు ఆరతాయో మీకు తెలుసు. జిగురును గట్టిపరచడానికి వేసేది ఐసోసయనేట్. దానికి రబ్బరు మీద ఎంత మోజో నీటి మీదా అంతే మోజు. పెర్‌క్లోరేట్ గింజ మీద కాస్త చెమ్మ ఉందంటే ఐసోసయనేట్ దానితో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగ అవుతుంది. పైగా రబ్బరుకు అందాల్సిన రసాయనం అక్కడ ఖర్చైపోతుంది, ఆ చోట ఇంధనం మెత్తగా మిగిలిపోతుంది. రెండు నష్టాలు ఒకేసారి. అందుకే మిక్సింగ్ గది గాలిలో తేమ కట్టడి చేస్తారు, పొడులు ఆరబెట్టి మూత బిగించి తెస్తారు, డొల్లలోకి పోసేది వాక్యూమ్ కింద. గట్టిపరిచే రసాయనం వేశాక చేతిలో ఉండేది కొన్ని గంటలే. మధ్యలో కరెంటు పోయిందని ఆగడానికి లేదు.

పోశాక 60 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉడకనివ్వాలి. ఆ తర్వాత చల్లార్చడం నిదానంగా జరగాలి. ఇంధనం ఉక్కు కంటే పదింతలు ముడుచుకుంటుంది, కార్బన్ ఫైబర్ అయితే అసలు ముడుచుకోదనే చెప్పాలి. గోడకు అతుక్కున్న ఇంధనం లోపలికి లాగుతుంది, గోడ రాదు. తొందరపడి చల్లార్చితే రెండిట్లో ఒకటి: మంట కోసం ఇంధనం మధ్యలో వదిలిన రంధ్రం దగ్గర పగులు, లేదా చివర్లలో గోడ నుంచి ఊడడం. ఆ చివర్లలో కావాలనే అతికించకుండా వదిలిన రబ్బరు అంచు పెడతారు, ముడుచుకునేటప్పుడు అది కదిలేలా.

పగులు ఉంటే ఏమవుతుంది? ఇంధనం పైపైనుంచి లోపలికి మండుతుంది, కాబట్టి ఎంత ఉపరితలం ఉంటే అంత గ్యాస్. పగులుకి రెండు గోడలున్నాయి, రెండూ అంటుకుంటాయి. పీడనం పెరిగితే మండే వేగమూ పెరుగుతుంది, అది మళ్లీ పీడనాన్ని పెంచుతుంది. పీడనంతో మండే వేగం ఎంతగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం 0.35 ఉన్న ఇంధనానికి ఉపరితలం 10 శాతం పెరిగితే పీడనం 16 శాతం దాకా పోతుంది. పీడనం మామూలుగా 40, 60 బార్ల మధ్య (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఉండేలా డిజైన్ చేస్తారు, దాని మీద కొంత వెసులుబాటు ఉంచుతారు. చిన్న పగుళ్లు రెండు మూడు కలిస్తే ఆ వెసులుబాటు కరిగిపోతుంది. ఇక గోడ నుంచి ఊడితే ఇంకో రకం చావు. ఇంధనం మొత్తం కాలేదాకా గోడకు మంట తగలకూడదని లెక్క. ఊడిన సందులోంచి మంట ముందే వెళ్లి గోడను తాకుతుంది, లోపలి రబ్బరు కవచం అయిపోయాక డొల్లకు చిల్లు.

కాబట్టి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. పెద్ద మోటారుకు ఆసుపత్రి ఎక్స్‌రే చాలదు, ఇంకా శక్తిమంతమైన ఎక్స్‌రే పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ కావాలి. అక్కడ ఫిల్ము ముందు కూర్చుని ఇది బుడగా, నీడా అని తేల్చేవాడి సంతకం లేకుండా మోటారు గది దాటదు. ఇంజనీరు జీతం ఎక్కువ కావచ్చు, ఆ రోజు మాట చెల్లేది మాత్రం ఇతనిది.

చెన్నై అగ్నికుల్ వాళ్ల దారి వేరు. ద్రవ ఆక్సిజన్, విమానంలో పోసే కిరోసిన్. 2024 మే 30న శ్రీహరికోటలో తమ సొంత ప్యాడ్ నుంచి పరీక్ష రాకెట్ ఎగరేశారు. ఇంజన్ మొత్తం ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగ్‌లో తీశారు. ఎందుకంటే మామూలు ఇంజన్లో ఇంధనం చిమ్మే ఇంజెక్టరు, అది మండే గది, చల్లబరిచే సన్న కాలువలు విడివిడిగా చేసి అతకాలి. ప్రతి అతుకూ ఒక లీకేజీ అవకాశం. ముక్క ఒకటైతే అతుకులు పోతాయి. మరి లాభమేనా అంటే కొత్త తలనొప్పి కూడా వస్తుంది. సన్న కాలువల్లో కరగని లోహపు పొడి ఇరుక్కుపోతే బయటికి కనబడదు. ఊపి, కడిగి, గాలి ఊది, ప్రవాహం కొలిచి అన్ని కాలువలూ తెరిచి ఉన్నాయని తేల్చుకోవాలి. ద్రవ ఆక్సిజన్ వెళ్లే గొట్టంలో వేలిముద్ర జిడ్డు కూడా ఉండకూడదు. ఆక్సిజన్‌లో నూనె ఉంటే అది ఇంధనమే.

పెద్ద ప్రమాదాలు చాలావరకు చిన్న వస్తువు దగ్గరే మొదలయ్యాయి. స్పేస్‌ఎక్స్‌నే చూడండి. 2006 మార్చి 24న పసిఫిక్‌లో ఒక దీవి నుంచి మొదటి ఫాల్కన్-1. అర నిమిషం దాటేసరికి ఇంజన్ ఆగిపోయింది. కిరోసిన్ లీకై అంటుకుంది. ముందు రోజు ఆ గొట్టం దగ్గర పనిచేసిన టెక్నీషియన్లు నట్టు సరిగా బిగించలేదని మొదట నింద వాళ్ల మీద పడింది. శకలాలు ఏరి చూస్తే ఆ అల్యూమినియం నట్టును దీవి ఉప్పుగాలి తినేసింది, బీటవారింది. ఉప్పుగాలి తగిలే చోట ఏ లోహం పెట్టాలో నిర్ణయించింది టెక్నీషియన్ కాదు కదా! తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టారు. రెండోసారి 2007లో, ట్యాంకులో ద్రవం తొణికి పై అంచె ఊగిపోయింది. మూడోసారి 2008 ఆగస్టు 3న, కింది అంచె విడిపోయాక కూడా దాని ఇంజన్లో ఇంకా కాస్త తోపు మిగిలి ఉంది, వెనకనుంచి వచ్చి పై అంచెను గుద్దింది. కొత్త ఇంజన్ గోడల చుట్టూ కాలువల్లో కిరోసిన్ తిరుగుతుంది, ఆపాక కూడా ఆ మిగులు కాలుతుంది. నేల మీద పరీక్షించినప్పుడు గాలి ఒత్తిడిలో అది తెలియలేదు. ఇంజన్ ఆపడానికీ అంచె వదలడానికీ మధ్య వ్యవధి కొన్ని సెకన్లు పెంచారు, అంతే మార్పు. ఎనిమిది వారాలకు, సెప్టెంబరు 28న నాలుగోది కక్ష్యలోకి వెళ్లింది. నన్నడిగితే ప్రైవేటు కంపెనీ బలం ఆ ఎనిమిది వారాలే. తప్పును పట్టుకోవడానికి కావలసిన కొలతలు ముందే రాకెట్‌లో పెట్టుకున్నారు, నిర్ణయం తీసుకునేవాళ్లు అదే గదిలో ఉన్నారు.

న్యూజిలాండ్ నుంచి ఎగరేసే రాకెట్ ల్యాబ్ సంగతి ఇంకా విడ్డూరం. 2017 మేలో వాళ్ల మొదటి ఎలక్ట్రాన్ రాకెట్ చక్కగా వెళ్తుండగా నేల మీది వాళ్లే ఆపేశారు. నేల మీది ఒక పరికరంలో సెట్టింగు ఒకటి ఆన్ చెయ్యలేదు, డేటా రావడం ఆగింది. డేటా లేకపోతే రాకెట్ దారి తప్పిందనే భావించి ఆపెయ్యడం భద్రతా నియమం. రాకెట్‌కు జబ్బే లేదు. 2020 జూలైలో మాత్రం నిజంగా జబ్బు. వాళ్ల ఇంజన్ పంపులు బ్యాటరీతో తిరుగుతాయి. ఒక్క విద్యుత్ కనెక్షన్ సరిగా కూర్చోలేదు. నిరోధం పెరిగింది, వేడెక్కింది, చుట్టూ పోసిన ముద్ద కరిగింది, తీగ ఊడింది. నేల మీద పరీక్షల్లో అన్నిట్లోనూ పాసైన కనెక్షన్ అది. 2020 నవంబరులో యూరప్ వేగా రాకెట్లో పై అంచె నాజిల్ తిప్పే యాక్చుయేటర్ల కేబుళ్లు తారుమారుగా పెట్టారు. ఇటు తిప్పమంటే అటు తిరిగింది. రెండు కేబుళ్లకూ ఒకే రకం కనెక్టరు ఇస్తే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మార్చిపెడతారు. ఒకదాని చోట ఇంకోటి పట్టకుండా గాడి (కీ) వేరుగా ఉండే కనెక్టరు పెట్టడం డిజైనరు పని, కమాండ్ ఇచ్చి కంటితో తిరిగే దిక్కు చూడడం టెక్నీషియన్ పని. రెండూ తప్పాయి. 2023 జనవరిలో వర్జిన్ ఆర్బిట్ అనే ప్రైవేటు కంపెనీ రాకెట్లో ఇంధన గొట్టంలోని ఫిల్టరు చోటు తప్పింది. ఏప్రిల్‌కల్లా కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

సర్కారీ అయినా ప్రైవేటు అయినా ఇదే కథ. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో రెండో అంచె విడిపోయేటప్పటి అదురుకి త్వరణం కొలిచే సెన్సార్లు క్షణంపాటు గరిష్ఠానికి కొట్టుకున్నాయి. సెన్సార్లు చెడిపోయాయని కంప్యూటర్ తీర్మానించి వాటిని పక్కన పెట్టింది. 356 కిలోమీటర్ల వృత్తం రావలసింది, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగిపోయే కక్ష్య వచ్చింది, ఉపగ్రహాలు పోయాయి. విడదీసే పద్ధతి, సెన్సార్లను తప్పుపట్టే లాజిక్ రెండూ మార్చి 2023 ఫిబ్రవరిలో గెలిచారు. ఆ రాకెట్ పరిజ్ఞానాన్నే 2025 జూన్‌లో 511 కోట్ల బిడ్డుతో హెచ్‌ఏఎల్ గెలుచుకుంది. ఈ ఊరివాళ్లు ఆ వార్త జాగ్రత్తగా చదవాలి.

వ్యాపారం సంగతి క్లుప్తంగా. చిన్న రాకెట్‌కు పోటీ ఇంకో చిన్న రాకెట్ కాదు. 2021 జనవరిలో స్పేస్‌ఎక్స్ పెద్ద రాకెట్ ఫాల్కన్-9 ఒకే ప్రయాణంలో 143 ఉపగ్రహాలు తీసుకెళ్లింది. అది విశాఖ వెళ్లే బస్సు, చిన్న రాకెట్ ఆటో. కిలో లెక్కన ఆటో ఎప్పుడూ ఖరీదే. కావలసిన కక్ష్యకు, కావలసిన రోజున దింపితేనే దానికి బేరం. అంటే సమయానికి ఎగరడమే సరుకు. మన దగ్గర 2020లో ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ వచ్చాక ఇస్రో పరీక్ష స్టాండ్లు, ప్యాడ్లు ప్రైవేటువాళ్లు వాడుకోగలుగుతున్నారు. అది లేకపోతే 30 టన్నుల మోటారు మండించే స్టాండు ఏ కొత్త కంపెనీ కట్టుకోగలదు చెప్పండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(డిప్లొమా విద్యార్థిని: సార్, కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా. ఇక్కడినుంచి వదిలితే ఇంధనం మిగలదా?)

మంచి ప్రశ్నమ్మా. కాస్త మిగులుతుంది, గాలి పలచన కాబట్టి. కానీ రాకెట్ ఇంధనం ఎక్కువగా ఖర్చుచేసేది ఎత్తు కోసం కాదు, అడ్డంగా వేగం కోసం అని చెప్పుకున్నాం. ఆ వేగంలో భూమి తిరగడం కొంత సాయం చేస్తుంది. శ్రీహరికోట దగ్గర సెకనుకు 450 మీటర్ల చిల్లర, ఇక్కడ 440. అదీ పెద్ద తేడా కాదు. అసలు చిక్కు కిందపడే అంచెలు. ఇక్కడినుంచి తూర్పుకి వదిలితే కింద పార్వతీపురం, శ్రీకాకుళం ఊళ్లున్నాయి. శ్రీహరికోటకు తూర్పున సముద్రం. అక్కడ కూడా దక్షిణంగా వెళ్లాలంటే శ్రీలంక అడ్డు, చుట్టూ వంకర తిరగాలి, చిన్న రాకెట్‌కు ఆ వంకరే భారం. అందుకే తమిళనాడు కులశేఖరపట్నంలో ఇంకో ప్యాడ్ కడుతున్నారు.

(ఒక పెద్దాయన: ఫాల్కన్ లాగా కింది అంచెను మళ్లీ వాడుకునేలా మనవాళ్లు దింపుకోరేం?)

అయ్యా, ఘన ఇంధనం అంటించాక ఆపలేం, తగ్గించలేం. దింపాలంటే మళ్లీ వెలిగే ద్రవ ఇంజన్ కావాలి. ఫాల్కన్-9 కింది అంచెకు తొమ్మిది ఇంజన్లు. దిగేటప్పుడు చివర్లో ఒక్కటి చాలు. ఆ ఒక్కదాన్ని బాగా తగ్గించినా ఖాళీ అంచె బరువు కంటే తోపు ఎక్కువే. గాలిలో నిలబడి సర్దుకునే వీలు లేదు. వేగం సున్నా అయ్యే క్షణం, కాళ్లు నేలను తాకే క్షణం ఒకటే కావాలి. దింపడానికి దాచిన ఇంధనం, కాళ్లు, రెక్కలు అన్నీ ఉపగ్రహం బరువులోంచి కోత. పెద్ద రాకెట్ ఆ కోత భరిస్తుంది. 300 కిలోలు మోసేదానికి కోసేస్తే మిగిలేదేముంటుంది?

(ఐటీఐ విద్యార్థి: మేం ఏం నేర్చుకుంటే తీసుకుంటారు సార్?)

టిగ్ వెల్డింగ్, ముఖ్యంగా సన్న గొట్టాల మీద. అయిదు యాక్సిస్ సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రం. డ్రాయింగులో జ్యామితీయ టాలరెన్సు గుర్తులు తడబడకుండా చదవడం. కార్బన్ ఫైబర్ పేర్చడం. నట్టు వదులు కాకుండా కట్టే లాక్‌వైరు ఏ దిక్కున లాగితే నట్టు బిగుస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలగడం. బిగించిన ప్రతి బోల్టుకూ టార్కు ఎంత, రెంచి నంబరు ఎంత, దాని కాలిబ్రేషన్ గడువు ఎప్పటిదాకా అని అప్పటికప్పుడు రాయడం. సాయంత్రం గుర్తుచేసుకుని రాసేవాడిని ఏ కంపెనీ ఉంచుకోదు. అన్నిటికంటే మనుషులు దొరకనిది నాశనం చెయ్యకుండా పరీక్షించే పని: అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, రంగు ద్రవం పూసి పగుళ్లు చూసే డై పెనెట్రెంట్. లెవెల్-2 సర్టిఫికెట్ ఉంటే మేలు. దానికి కొన్ని నెలల అనుభవం చూపించాలి, రాతపరీక్ష, చేతిపరీక్ష రెండూ ఉంటాయి. ఏటా దగ్గరి చూపు పరీక్ష కూడా.

(ఒక విద్యార్థిని: కళ్లద్దాలుంటే పనికిరారా సార్?)

అద్దాలు పెట్టుకుని చదివినా సరేనమ్మా, చిన్న అక్షరాలు చదవగలిగితే చాలు. బూడిదరంగు ఛాయల్లో తేడా కూడా చూపించమంటారు, ఫిల్ము మీద కనబడేవన్నీ ఆ ఛాయలే కాబట్టి. పరీక్షకు వెళ్లేటప్పుడు పాత అద్దాలు కాకుండా కొత్త నంబరువి పెట్టుకెళ్లు.